యుద్ధభూమిలో పిల్లి

పిల్లలూ! దీపావళి రాత్రి మీ వీధిలోని పిల్లులు ఎక్కడికి పోతాయో ఎప్పుడైనా గమనించారా?

హైదరాబాదుకు తూర్పు వైపున దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ పేటలున్నాయి. తెల్లవారింది మొదలు బస్సులు, ఆటోలు, కూరగాయల బండ్లు, కోచింగ్ సెంటర్లకు పరుగులు తీసే విద్యార్థులు. ఇంత సందడిలోనూ పిల్లులకేం కొరత లేదు. మాంసం కొట్ల దగ్గర, హోటళ్ళ వెనక, అపార్టుమెంట్ల సెల్లార్లలో నిలిపిన స్కూటర్ల కింద అవి హాయిగా కాలక్షేపం చేస్తుంటాయి. కాని దీపావళి సాయంత్రం మొదటి లక్ష్మీబాంబు పేలిందా, ఇక ఒక్క పిల్లి కంటికి కనిపిస్తే ఒట్టు! మర్నాడు కొన్ని తిరిగి వస్తాయి. కొన్ని రెండు మూడు రోజులకు డొక్కలెండిపోయి, దుమ్ము కొట్టుకుని వస్తాయి. ఏవో ఒకటి రెండు అసలు రానే రావు.

ఇది ఒక్క రాత్రి పండుగ. పేలేవి టపాకాయలు. మరి నిజమైన బాంబులు, ఒక రాత్రి కాదు, నెలల తరబడి పడే ఊళ్ళో పిల్లి గతి ఏమిటి? కుక్క గతి ఏమిటి? జంతుశాలలో బోనులో ఉన్న సింహం గతి ఏమిటి? వాటికి సాయం చేయాలంటే ఎలా చేయాలి? ఇందులో జాలి ఎంత అవసరమో శాస్త్రజ్ఞానమూ అంత అవసరం. తెలియక చేసిన సాయం ఒక్కోసారి ప్రాణం తీస్తుంది కూడా. ఎలాగో చూద్దాం.

మనకు వినిపించనిది దానికి వినిపిస్తుంది

శబ్దమంటే గాలిలో పుట్టే కంపనాలని మీరు చదువుకున్నారు. సెకనుకు 20 నుంచి 20,000 వరకు ఉండే కంపనాలనే మన చెవి గుర్తించగలదు. కుక్క చెవి 40,000 పైదాకా గుర్తిస్తుంది. పిల్లి చెవి వీటన్నింటినీ మించి 60,000 పైబడిన కంపనాలను కూడా పట్టుకుంటుంది. ఎలుక పిల్లలు తల్లిని పిలిచే సన్నని కీచుధ్వనులు మనకు బొత్తిగా వినిపించవు. పిల్లికి మాత్రం అవి భోజనానికి పిలుపులు! అదీగాక దాని చెవి డొప్పను తిప్పడానికి ఎన్నో చిన్న చిన్న కండరాలున్నాయి. రెండు చెవులనూ వేర్వేరు దిక్కులకు తిప్పి, శబ్దం ఏ మూల నుంచి వచ్చిందో అది ఇట్టే కనిపెడుతుంది.

ఇంత సున్నితమైన చెవి పక్కన బాంబు పేలితే?

శబ్ద తీవ్రతను డెసిబెల్స్‌లో కొలుస్తారు. ఈ లెక్క మామూలు లెక్క కాదు. 10 డెసిబెల్స్ పెరిగితే తీవ్రత పదిరెట్లవుతుంది. 20 పెరిగితే నూరు రెట్లు, 30 పెరిగితే వెయ్యి రెట్లు. మనం మామూలుగా మాట్లాడుకునే మాట సుమారు 60 డెసిబెల్స్. మన దేశంలో టపాకాయ పేలినచోటికి 4 మీటర్ల దూరంలో శబ్దం 125 డెసిబెల్స్ దాటకూడదని నిబంధన. అంటే నిబంధనలకు లోబడిన టపాకాయ కూడా మాటకంటే సుమారు ముప్పై లక్షల రెట్లు తీవ్రమైనదన్నమాట!

బాంబు సంగతి ఇంకా వేరు. అందులోని పేలుడు పదార్థం సెకనులో వెయ్యో వంతు కూడా పట్టకుండా వేడి వాయువుగా మారిపోతుంది. ఆ వాయువు చుట్టూ ఉన్న గాలిని ఒక్క ఉదుటున నెట్టుతుంది. ఆ నెట్టుడుకు గాలి గోడలాగా గట్టిపడి, ధ్వనికన్నా వేగంగా దూసుకుపోతుంది. దీన్ని విఘాత తరంగం అంటారు. ఇది కర్ణభేరిని చింపుతుంది. ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. ఇరుకు వీధిలో అయితే గోడకు కొట్టుకుని వెనక్కి వచ్చి మళ్ళీ తాకుతుంది.

దిల్‌సుఖ్‌నగర్‌కు ఈ సంగతి పుస్తకాల్లో చదివితే తెలిసింది కాదు. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం రద్దీగా ఉన్న బజారులో, కొద్ది నిమిషాల తేడాతో రెండు బాంబులు పేలాయి. పదిహేడు మందికి పైగా చనిపోయారు. రెండో బాంబు అంత వెంటనే పేలిందన్న మాట గుర్తుంచుకోండి. పేలుడు జరిగిన చోటికి మనిషిని కాపాడడానికైనా, జంతువును కాపాడడానికైనా పరుగెత్తకూడదు. ఆ చోటు క్షేమమని పోలీసులు చెప్పిన తర్వాతే వెళ్ళాలి. సాయం చేసేవారి మొదటి పాఠం ఇదే.

దాక్కోవడంలో మేలు, కీడు

పెద్ద శబ్దం వినగానే పిల్లి మూత్రపిండాలపై ఉండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్‌ను రక్తంలోకి వదులుతాయి. గుండె దడదడ కొట్టుకుంటుంది. కనుపాపలు విప్పారుతాయి. వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి. జీర్ణక్రియ మందగిస్తుంది. ఒంట్లోని శక్తి అంతా కాళ్ళ కండరాలకు చేరుతుంది. పారిపో, లేదా పోరాడు! ప్రకృతి నేర్పిన పాఠం ఇది. బాంబుతో పోరాడలేదు గనుక పిల్లి పారిపోతుంది. దొరికిన మొదటి కంతలో దూరుతుంది.

కుక్క అయితే భయపడి అరుస్తుంది, యజమానిని వెతుక్కుంటూ పోతుంది. అది గుంపుగా బతికే తోడేలు జాతిది. పిల్లి పూర్వీకుడు ఆఫ్రికా, పశ్చిమాసియాలలో ఒంటరిగా తిరిగే అడవిపిల్లి. అది వేటాడే జంతువే అయినా, తనకన్నా పెద్ద జంతువులకు ఆహారం కూడా. కాబట్టి ప్రమాదంలో నోరు మెదపకుండా ఉండడమే దానికి రక్ష. ఇల్లు కూలి శిథిలాల కింద చిక్కుకున్నా, తన యజమాని పేరుపెట్టి పిలుస్తున్నా అది పలకకపోవచ్చు. “అరుపు లేదు, చచ్చిపోయి ఉంటుంది” అని వెళ్ళిపోతే, బతికున్న పిల్లిని వదిలేసినట్టే.

అందువల్ల అనుభవమున్నవారు పిల్లిని వీధి సద్దుమణిగాక రాత్రివేళ వెతుకుతారు. చేతిలో టార్చిలైటు ఉంటుంది. పిల్లి కంట్లో రెటీనా వెనక అద్దంలాంటి పొర ఒకటుంది. రెటీనాను దాటిపోయిన వెలుతురును అది తిరిగి రెటీనా మీదికి పంపుతుంది. మసక చీకట్లో పిల్లి చక్కగా చూడగలగడానికి ఇదొక కారణం. టార్చి వేసినప్పుడు ఆ పొర వల్లే కళ్ళు పచ్చగా మెరుస్తాయి. దాక్కోవడానికి పనికొచ్చిన చీకటే దాని జాడను ఇలా బయటపెడుతుంది. భయపడిన పిల్లి సాధారణంగా దూరం పోదు. ఇంటి చుట్టుపక్కల మెట్ల కింద, తూములో, కట్టెల మోపు వెనక ఉంటుంది.

తణుకు డాక్టరు, రెండు పెద్ద పిల్లులు

దిల్‌సుఖ్‌నగర్‌లో నడుస్తుంటే విదేశాల్లో వైద్యవిద్య గురించిన బోర్డులు కనిపిస్తాయి. మన తెలుగు పిల్లలు ఎంతోమంది ఆ చదువు కోసం ఉక్రెయిన్ వెళ్ళారు. 2022 ఫిబ్రవరి 24న ఆ దేశం మీద రష్యా దాడి మొదలైంది. మన ప్రభుత్వం ‘ఆపరేషన్ గంగ’ పేరుతో విమానాలు పంపింది. విద్యార్థులతో సహా ఇరవై వేలకు పైగా భారతీయులు తిరిగి వచ్చారు. కుక్కలను, పిల్లులను పెంచుకుంటున్న కొందరు విద్యార్థులు వాటిని వదిలి రామన్నారు. అప్పుడు ప్రభుత్వం పెంపుడు జంతువుల రాకకు ఉండే నిబంధనలను వారికోసం ప్రత్యేకంగా సడలించింది. కొన్ని కుక్కలు, పిల్లులు అలా మన దేశం చేరాయి.

ఒకాయన మాత్రం రాలేదు. పశ్చిమ గోదావరి జిల్లా తణుకుకు చెందిన డాక్టర్ గిరికుమార్ పాటిల్ చదువు కోసం ఉక్రెయిన్ వెళ్ళి అక్కడే స్థిరపడ్డారు. ఆయన పెంచుకున్నవి మామూలు పిల్లులు కావు. ఒకటి జాగ్వార్, పేరు యాషా. రెండోది నల్ల చిరుత, పేరు సబ్రీనా. నల్ల చిరుత అంటే వేరే జాతి కాదు సుమా! చర్మంలో నల్లని రంగు పదార్థం మితిమీరి ఉన్న చిరుతపులే. యుద్ధం తూర్పు ఉక్రెయిన్‌ను చుట్టుముట్టినప్పుడు ఆయన వాటితో పాటు ఇంటి నేలమాళిగలో తలదాచుకున్నారు. వాటి మాంసం కోసం చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి, ఎన్నో రెట్లు ధర పెట్టి కొన్నారు. కొన్ని నెలలకు బతుకుతెరువు కోసం ఆయన పోలండ్ వెళ్ళవలసి వచ్చింది. వాటిని అక్కడి ఒక రైతుకు అప్పగించి, కాపాడమని మన ప్రభుత్వాన్ని వేడుకున్నారు.

ఈ కథలో రెండు సంగతులున్నాయి. ఆయన ప్రేమ గొప్పది, కాదనలేం. కాని అంత ప్రేమ ఉన్నా వాటిని ఎందుకు తీసుకుపోలేకపోయారు? పెంపుడు పిల్లిని బుట్టలో పెట్టుకుని సరిహద్దు దాటవచ్చు. పులి జాతి జంతువును అలా దాటించడానికి వీల్లేదు. వన్యప్రాణులను దేశం దాటించాలంటే అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం రెండు దేశాల అనుమతులూ కావాలి. బలమైన బోను, మత్తుమందు ఇవ్వగల పశువైద్యుడు, లారీ, రోజుకు కిలోల కొద్దీ మాంసం ఉండాలి. ఇవన్నీ యుద్ధం మొదలయ్యాక సమకూరేవి కావు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం చిరుతల వంటి మృగాలను ఇళ్ళలో పెంచుకోనివ్వదు. అది ఎంత ముందుచూపుతో చేసిన చట్టమో ఇప్పుడు అర్థమైందా?

బాంబుకంటే ముందే భయం

ఇంకా పాత సంగతి ఒకటి చెప్పుకుందాం. 1939 సెప్టెంబరులో రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. లండన్ ప్రజలకు గుండె జారిపోయింది. బాంబులు పడితే కుక్కలకు, పిల్లులకు తిండెక్కడ, చోటెక్కడ అనుకున్నారు. యుద్ధం మొదలైన కొద్ది రోజుల్లోనే, ఒక అంచనా ప్రకారం సుమారు నాలుగు లక్షల పెంపుడు జంతువులను వాటి యజమానులే పశువైద్యుల దగ్గరికి తీసుకెళ్ళి చంపించారు. లండన్ మీద బాంబుల వర్షం మొదలైంది 1940 సెప్టెంబరులో. అంటే ఒక సంవత్సరం తర్వాత!

ఇలాంటిదే మనకు చాలా దగ్గరలోనూ జరిగింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. అప్పట్లో ఆంధ్ర జిల్లాలకు కూడా మద్రాసే రాజధాని. అక్కడ గగ్గోలు పుట్టింది. జనం రైళ్ళెక్కి పల్లెలకు పోయారు. మద్రాసులో సెంట్రల్ స్టేషన్ పక్కన పీపుల్స్ పార్కులో జంతుశాల ఉండేది. బాంబు పడి బోనులు విరిగితే సింహాలు, పులులు వీధుల్లో పడతాయని అధికారులు భయపడ్డారు. మలబార్ స్పెషల్ పోలీసులను పిలిపించి సింహాలను, పులులను, చిరుతలను, ఎలుగుబంట్లను బోనుల్లోనే కాల్పించారు. జనం ఎదురుచూసిన ఆ పెద్ద దాడి మద్రాసు మీద జరగనే లేదు.

ఈ అధికారులు గాని, ఆ లండన్ ప్రజలు గాని కర్కోటకులని అనుకోకండి. చేతిలో పథకం లేనివాడికి ఆపద ముంచుకొచ్చినప్పుడు భయం ఒక్కటే దారి చూపుతుంది. ఆ దారి ఎప్పుడూ మంచిదై ఉండదు.

తాళం వేసిన తలుపు

యుద్ధంలో చనిపోయే జంతువులన్నీ బాంబు దెబ్బకే చస్తాయనుకుంటున్నారా? అలా కాదు. 2003లో ఇరాక్ రాజధాని బాగ్దాద్‌లో యుద్ధం జరిగినప్పుడు అక్కడి జంతుశాలలో సుమారు 650 జంతువులుండేవి. పనివాళ్ళు రాలేకపోయారు. నీళ్ళు ఆగిపోయాయి. దొంగలు పడి చాలా జంతువులను ఎత్తుకుపోయారు. దక్షిణాఫ్రికాకు చెందిన లారెన్స్ ఆంథొనీ అనే ఆయన సాయానికి వెళ్ళేటప్పటికి మిగిలినవి 35 మాత్రమే. బాల్టీలతో నీళ్ళు మోసి ఆయన, అక్కడి పనివాళ్ళు వాటిని నిలబెట్టారు. 2017లో ఇరాక్‌లోనే మోసుల్ నగరపు జంతుశాలలో ఒక సింహం, ఒక ఎలుగుబంటి మిగిలాయి. డాక్టర్ అమీర్ ఖలీల్ అనే పశువైద్యుడి బృందం ఎన్నో ఇబ్బందులు పడి వాటిని జోర్డాన్‌కు చేర్చింది.

ఇళ్ళలోనూ ఇదే కథ. “రెండు రోజుల్లో వచ్చేస్తాం” అనుకుని తలుపుకు తాళం వేసి వెళతారు. రెండు రోజులు రెండు నెలలవుతాయి. లోపల పిల్లి ఉంటుంది.

పిల్లి ఆకలికి ఎందుకు తట్టుకోలేదో తెలుసా? అది పూర్తి మాంసాహారి. కుక్కలాగా, మనలాగా అన్నం, రొట్టెలతో సరిపెట్టుకోలేదు. తిండి దొరకనప్పుడు మన కాలేయం మాంసకృత్తుల ఖర్చును బాగా తగ్గిస్తుంది. పిల్లి కాలేయానికి ఆ పొదుపు సరిగా చేతకాదు. కొన్ని రోజులు ఏమీ తినకపోతే ఒంట్లోని కొవ్వంతా కరిగి కాలేయానికి చేరి అక్కడే పేరుకుపోతుంది. కాలేయం పనిచేయడం మానేస్తుంది. విచిత్రమేమిటంటే బక్కపిల్లి కంటే బాగా లావెక్కిన పిల్లికే ఈ ప్రమాదం ఎక్కువ.

ఇంకొక సంగతి. టారిన్ అనే పదార్థాన్ని మన శరీరం తనంతట తాను తయారుచేసుకుంటుంది. పిల్లి శరీరం చాలినంత తయారుచేసుకోలేదు. అది మాంసం నుంచే రావాలి. నెలల తరబడి టారిన్ అందకపోతే పిల్లికి చూపు పోతుంది, గుండె బలహీనమవుతుంది. అందుకే యుద్ధ ప్రాంతాలకు పంపే ఆహారంలో కుక్కల తిండి వేరుగా, పిల్లుల తిండి వేరుగా ఉండాలంటారు పశువైద్యులు. పాలు పోస్తే చాలదా అంటారా? ఎదిగిన పిల్లులు చాలావాటికి పాలలోని చక్కెర అరగదు. విరేచనాలు పట్టుకుని ఒంట్లో ఉన్న నీరు కూడా పోతుంది. గిన్నెడు మంచినీళ్ళు వంద గ్లాసుల పాలకన్నా మేలు.

ఎంత పెట్టాలి?

పది రోజులు తిండి లేని పిల్లి దొరికింది. వెంటనే గిన్నెనిండా మాంసం పెట్టాలనిపిస్తుంది. ఆగండి! ఇక్కడే మంచి మనసు ప్రాణం తీసే ప్రమాదముంది.

ఆకలితో ఉన్నంతకాలం శరీరం తన కొవ్వునే మండించుకుని బతుకుతుంది. ఒక్కసారిగా తిండి పడేసరికి ఇన్సులిన్ బయలుదేరుతుంది. రక్తంలోని చక్కెరతో పాటు భాస్వరం, పొటాషియం, మెగ్నీషియం వంటి లవణాలను కూడా అది కణాల లోపలికి తోలేస్తుంది. అసలే ఆ లవణాల నిల్వలు అడుగంటి ఉన్నాయి. రక్తంలో అవి ఒక్కసారిగా పడిపోవడంతో గుండె లయ తప్పుతుంది. కడుపునిండా తిన్న జంతువు తిన్న తర్వాత చనిపోతుంది! రెండో ప్రపంచ యుద్ధం చివర ఆకలి శిబిరాల నుంచి విడుదలైన మనుషుల్లో వైద్యులు ఈ ప్రమాదాన్ని గుర్తించారు.

కాబట్టి మొదట నీళ్ళు. తర్వాత చెంచాడు తిండి. కొన్ని గంటలాగి మరి కాస్త. ఇలా కొన్ని రోజులపాటు పశువైద్యుడి సలహాతో నెమ్మదిగా పెంచుతూ పోవాలి.

పట్టుకోవడమూ ఒక విద్యే

ఎల్.బి. నగర్ దాటి విజయవాడ రోడ్డున కొంచెం ముందుకు పోతే వనస్థలిపురం దగ్గర మహావీర్ హరిణ వనస్థలి ఉంది. 1975లో ఏర్పాటైన ఈ ఉద్యానంలో కృష్ణజింకలు గుంపులుగా తిరుగుతుంటాయి. కృష్ణజింకను వెంటపడి తరిమి పట్టుకున్నారనుకోండి. చేతికి చిక్కినప్పుడు దానికి గాయం ఒక్కటీ ఉండదు. అయినా కొన్ని గంటలకో, రెండు మూడు రోజులకో చనిపోవచ్చు. ఎందుకు? భయంతో శక్తికి మించి పరుగెత్తినప్పుడు కండరాల్లో ఆమ్లం పేరుకుంటుంది. కండరాల పోగులు చిట్లిపోతాయి. వాటిలోని ఎర్రని పదార్థం రక్తంలో కలిసి మూత్రపిండాలను పూడ్చేస్తుంది.

జింకలకు, దుప్పులకు, పక్షులకు ఈ ముప్పు చాలా ఎక్కువ. అందువల్ల ఆపదలో ఉన్న జంతువును తరమకూడదు. చుట్టూ మూగకూడదు. కళ్ళకు గుడ్డ కప్పి, సద్దు చేయకుండా, తక్కువ సేపట్లో పని ముగించాలి. పిల్లికైతే బోనులో తిండి పెట్టి, దూరంగా కూర్చుని, అదే వచ్చేదాకా ఓపిక పట్టడం మేలు. యుద్ధభూమిలో ఓపిక పట్టడం ఎంత కష్టమో ఆలోచించండి!

మనుషులే చస్తుంటే పిల్లుల గొడవేమిటి?

ఈ ప్రశ్న మీలో చాలామందికి వచ్చే ఉంటుంది. న్యాయమైన ప్రశ్నే. 2022లో ఉక్రెయిన్‌లో ఖార్కీవ్ దగ్గరి ఒక జంతువుల ఉద్యానంలో మేత వేయడానికి వెళ్ళిన పనివాళ్ళు, సహాయకులు కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు. మనిషి ప్రాణం ముందు అన్నది నిజం.

అయితే మనుషుల క్షేమమూ జంతువుల క్షేమమూ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. 2005లో అమెరికాలో కత్రినా తుఫాను వచ్చినప్పుడు పెంపుడు జంతువులను పడవల్లోకి ఎక్కనివ్వలేదని చాలామంది మునిగిన ఇళ్ళలోనే ఉండిపోయారు. మర్నాటి ఏడాదే అక్కడ చట్టం చేశారు. ఆపద సమయపు పథకాల్లో పెంపుడు జంతువులకు కూడా చోటుండాలన్నది దాని సారాంశం. ఇంకా చూడండి. టీకాలు ఆగిపోయి, కుక్కలు వీధిపాలైతే రేబిస్ వ్యాధి పెరుగుతుంది. అది మనుషులకూ సోకుతుంది. రైతు గేదె చస్తే ఆ ఇంట్లో పిల్లలకు పాలుండవు.

సిరియాలోని అలెప్పో నగరం కథ వినండి. అక్కడ మొహమ్మద్ అలా అల్ జలీల్ అనే అంబులెన్స్ డ్రైవరు ఉండేవాడు. యుద్ధంలో గాయపడిన మనుషులను ఆస్పత్రికి చేర్చడం ఆయన పని. ఊరు ఖాళీ చేసి పోయినవాళ్ళు వదిలిన పిల్లులు ఆయన చుట్టూ చేరాయి. ఆయన వాటికి తిండి పెట్టసాగాడు. పిల్లుల సంఖ్య నూరు దాటింది. వాటికోసం ఒక ఆశ్రయం కట్టాడు. 2016లో బాంబులు దాన్ని నేలమట్టం చేశాయి. ఆ మర్నాడు సంవత్సరం అలెప్పోకు పడమరన మరో చోట మళ్ళీ కట్టాడు. అక్కడ పిల్లలు ఆడుకోవడానికి స్థలం, రైతుల పశువులకు ఉచిత వైద్యశాల కూడా ఏర్పాటయ్యాయి. పిల్లులతో మొదలైన సాయం మనుషుల దగ్గరికే చేరింది!

బియ్యపు గింజంత గుర్తింపు

కుటుంబాలు చెల్లాచెదురైనప్పుడు ఏ పిల్లి ఎవరిదో ఎలా తెలుస్తుంది? దీనికొక చక్కని సాధనముంది. బియ్యపు గింజంత గాజు గొట్టంలో ఒక చిన్న చిప్, సన్నని రాగి తీగచుట్ట ఉంటాయి. దాన్ని సూదితో జంతువు చర్మం కింద పెడతారు. అందులో బ్యాటరీ లేదు. చదివే యంత్రాన్ని దగ్గరికి తెచ్చినప్పుడు ఆ యంత్రపు అయస్కాంత క్షేత్రం వల్ల తీగచుట్టలో విద్యుత్తు పుడుతుంది. మీరు భౌతికశాస్త్రంలో చదివే ఫారడే సూత్రమే ఇది! ఆ కాస్త విద్యుత్తుతో చిప్ మేలుకుని 15 అంకెల సంఖ్యను చెప్పి మళ్ళీ నిద్రపోతుంది. జంతువు ఎక్కడుందో అది చెప్పలేదు, ఎవరిదో తెలుసుకునే దారి మాత్రం చూపగలదు.

దీనితో పాటు రేబిస్ టీకా కాగితం ఉండాలి. మామూలు రోజుల్లో చాలా దేశాలు ఇంకా ముందుకు పోయి, టీకా వేసిన 30 రోజులకు రక్తం తీసి, వ్యాధిని ఎదుర్కొనే పదార్థాలు చాలినంత ఉన్నాయో లేదో పరీక్షించిన కాగితం అడుగుతాయి. బాంబులు పడుతుండగా 30 రోజులు ఎవరు ఆగగలరు? 2022లో పోలండ్, రుమేనియా, హంగరీ వంటి దేశాలు కాగితాలు లేకున్నా ముందు రానిచ్చి, టీకాలు తర్వాత వేశాయి. ఎన్నో పిల్లులు, కుక్కలు ఆ నిర్ణయం వల్ల బతికాయి.

మన పేటలో యుద్ధం లేదు, కాని...

2020 అక్టోబరు 13 రాత్రి హైదరాబాదు మీద ఆకాశం విరుచుకు పడింది. ఘట్‌కేసర్ ప్రాంతంలో ఒక్కరోజులో 32 సెంటీమీటర్ల వాన కురిసింది. సరూర్‌నగర్ చెరువు పొంగింది. దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ చుట్టుపక్కల ఎన్నో కాలనీలు నీట మునిగాయి. సెల్లార్లు నిండిపోయాయి. పిల్లులు దాక్కునే చోట్లేవో మీకు ఇప్పటికే తెలుసు. అవి ఆ సెల్లార్లే!

కాబట్టి యుద్ధభూమిలో నేర్చుకున్న పాఠాలు మనకూ పనికివస్తాయి. మీ ఇంట్లో జంతువుంటే ఈ అయిదు పనులు ఈ వారమే చేయండి.

1. గాలి ఆడే ఒక బుట్ట గాని, పెట్టె గాని సిద్ధం చేయండి. దాన్ని అటక మీద పెట్టకండి. మూత తీసి ఇంట్లోనే ఉంచితే పిల్లి అందులో పడుకోవడం అలవాటు చేసుకుంటుంది. ఆపద వేళ తానే దూరుతుంది.

2. రేబిస్ టీకా వేయించి, ఆ కాగితాన్ని, మీతో కలిసి ఉన్న జంతువు ఫొటోను ఇంటి ముఖ్యమైన కాగితాలతో పాటు ఉంచండి.

3. అయిదు రోజుల తిండి, నీళ్ళు, ఒక గిన్నె ఒక సంచిలో వేరుగా పెట్టండి.

4. ఇల్లు వదలవలసి వస్తే జంతువును వెంట తీసుకుపొండి. ఎంతమాత్రం వీలుకాకపోతే గొలుసు విప్పండి, గది తలుపులు తెరవండి, పక్కవారికి చెప్పండి. తిండికి, నీళ్ళకు మాడేలా జంతువును వదిలిపోవడం 1960 నాటి జంతు హింసా నివారణ చట్టం ప్రకారం నేరం కూడా.

5. భయపడిన వీధి జంతువును వట్టి చేతులతో పట్టుకోకండి. పెద్దలకు చెప్పండి. నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల ఉంది. 1992 నుంచి పనిచేస్తున్న బ్లూ క్రాస్ వంటి సంస్థలూ ఉన్నాయి. కరిచినా, గీరినా వెంటనే 15 నిమిషాలపాటు సబ్బుతో, పారే నీటితో కడిగి ప్రభుత్వాస్పత్రికి వెళ్ళండి. గాయం చిన్నదని ఊరుకోకండి.

చేసి చూడండి

ఒక తెల్లకాగితం మీద మీ వీధి పటం గీయండి. పిల్లులు దాక్కోగల చోట్లన్నీ గుర్తించండి. మెట్ల కింద, తూములు, సెల్లార్లు, పాడుబడిన కార్లు. వాన వస్తే వీటిలో ఏవి మునుగుతాయో ఎర్ర రంగుతో దిద్దండి. ఆ తర్వాత రెండు వారాలపాటు రోజూ ఒకే వేళకు ఎన్ని పిల్లులు కనిపించాయో, ఏ రంగువో, ఎక్కడ కనిపించాయో రాయండి. మీ లెక్క దీపావళికి ముందు మొదలుపెట్టి పండుగ తర్వాతి వారం దాకా సాగిస్తే ఇంకా బాగుంటుంది. పండుగ మర్నాడు ఎన్ని తగ్గాయి? అన్నీ తిరిగి రావడానికి ఎన్ని రోజులు పట్టింది? ఫలితాన్ని మీ తరగతిలో చదివి వినిపించండి.

ఒకవేళ ఏదో ఒక పిల్లి తిరిగి రాలేదని మీ లెక్కలో తేలిందనుకోండి. అప్పుడేం చేయాలో మీకు తెలుసు. రాత్రి సద్దుమణిగాక, ఇంట్లో పెద్దవారిని తోడు తీసుకుని, టార్చి చేతపట్టుకుని, పటంలో మీరు గుర్తించిన చోట్లను ఒక్కొక్కటే చూడండి. అది పిలిస్తే పలకదు. కాని చీకట్లో రెండు పచ్చని చుక్కలు మెరుస్తాయి.